రోజరు విలియమ్సు చరిత్రము

తనది కాని సొత్తును దానమిచ్చుటకు ఎవ్వనికిని అధికారము లేదు. ఒకడు పొరుగువాని పొలమును మూడవవానికి వ్రాసి యిచ్చినచో ఆ దస్తావేజు చెల్లదని న్యాయశాస్త్రము చదువని రైతు సైతము చెప్పగలడు. అయినను దాత రాజును, సొత్తు ఒక ఖండమును, సొంతదారులు వ్రాత నెఱుగని జనులును అయినప్పుడు ఈ సులభమైన ధర్మమును గొప్ప గొప్ప విద్వాంసులే మఱచిపోయిరి. అట్లు మఱవక, దానిని తన తోడి యాంగ్లేయుల యెదుటనే నిర్భయముగా చెప్పి, అందువలన గృహమును గ్రామమును కోల్పోయిన యొక మహాపురుషుని చరిత్రమును చదువరుల కిచ్చట సంగ్రహముగా తెలుపుచున్నారము.

రోజరు విలియమ్సు సుమారు 1603వ సంవత్సరమున లండను నగరమందు ఒక వర్తకుని కుమారుడుగా జన్మించెను. బాల్యముననే సంక్షిప్తలేఖనము నేర్చినవాడగుటచేత, ఆనాటి ధర్మశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడైన సర్ ఎడ్వర్డు కోకు అతనిని చేరదీసి, న్యాయసభలలోని ప్రసంగములను వ్రాయించుకొనుచుండెను. కోకు రాజు సైతము చట్టమునకు లోబడవలసినవాడే యని వాదించిన ధీరుడు. ఆయన నీడలో పెరిగిన బాలునకు అధికారమును చూచి తల వంచుట అలవడకపోవుట వింత కాదు. ఆయన సహాయముననే విలియమ్సు 1621లో చార్టరుహౌసు పాఠశాలలో చేరి, పిమ్మట కేంబ్రిడ్జిలో చదివి 1627లో పట్టభద్రుడయ్యెను. 1629లో మేరీ బర్నార్డును వివాహమాడెను. ఇంగ్లండు మతసంస్థలోని నిర్బంధములు మనస్సాక్షికి సరిపడక, 1630 డిసెంబరులో భార్యతో కూడ ఓడయెక్కి, మఱుసటి ఫిబ్రవరిలో మసాచుసెట్సు తీరము చేరెను.

బోస్టను నగరమువారు అతనిని తమ సంఘమునకు ఉపదేశకుడుగా నుండుమని కోరిరి. ఆ సంఘము ఇంగ్లండు మతసంస్థతో సంబంధమును పూర్తిగా తెంచుకొనలేదను కారణమున అతడు ఆ గౌరవమును నిరాకరించెను. తరువాత సేలములోను, ప్లిమత్తులోను నివసించి, స్వహస్తములతో సేద్యము చేసి కుటుంబమును పోషించుకొనుచు, తీఱిక వేళల ఆ దేశపు ఆదిమవాసుల పొగచూరిన గుడిసెలలో వారితో కలిసి యుండి వారి భాషను అభ్యసించెను. తక్కినవారికి ఆ దేశము ఖాళీగా కనబడుచుండగా, ఇతనికి మాత్రము అది మనుష్యులతోను, పేర్లతోను, ఎల్లలతోను నిండియున్నట్లు కనబడుటకు ఈ భాషాజ్ఞానమే మూలమని మా యభిప్రాయము.

ఇంగ్లండు రాజైన మొదటి చార్లెసు 1629లో మసాచుసెట్సు కంపెనీవారికి ఒక సనదు నిచ్చియుండెను. వలసవారు తమ భూములన్నిటికిని దానినే మూలాధారముగా చూపుచుండిరి. విలియమ్సు ఒక గ్రంథము వ్రాసి, రాజునకు ఆ భూమిపై స్వత్వము లేదనియు, ఆదిమవాసులయొద్ద క్రయమునకు పుచ్చుకొనిననే గాని హక్కు కలుగదనియు వాదించెను. దున్ని విత్తని నేల ఎవ్వరిదియు కాదనియు, ముందు వచ్చి దున్నినవానిదే యనియు ప్రతిపక్షులు చెప్పిరి. దానికి విలియమ్సు చెప్పిన సమాధానము న్యాయవాద వృత్తిలోనున్న మమ్ము నేటికిని ఆశ్చర్యపఱచుచున్నది. ఈ జనులు ఆ యడవులలో అంతటను వేటాడుదురు. వేటకు అనుకూలముగా ఏటేట పొదలను కాల్చి బాగుచేయుదురు. ఇంగ్లండులో ప్రభువుల వేటవనములును రాజు నడవులును దున్నబడకయే వారి సొత్తులైనప్పుడు, వీరి యడవులు వీరి సొత్తులు కాకపోవుటెట్లని అతడడిగెను. ఒకే న్యాయము ధనికునికి వర్తించి దరిద్రునికి వర్తింపకుండుట న్యాయము కాదు గదా! ఆ గ్రంథము నేడు దొరకదు. అతని వాదమును ప్రతిపక్షుల వ్రాతలవలననే తెలిసికొనవలసియున్నది.

భూమినిగుఱించిన యీ వాదమునకు తోడు, దైవభక్తి విషయమున దండించుటకు న్యాయాధికారుల కధికారము లేదనియు, బలవంతపు ప్రమాణములు చేయింపరాదనియు అతడు బోధించుచుండెను. మతస్వాతంత్ర్యమునకై సముద్రము దాటి వచ్చిన యా పెద్దలు తాము కోరిన స్వాతంత్ర్యమును ఇతరుల కిచ్చుటకు సమ్మతింపరైరి. 1635 అక్టోబరులో సభవారు అతనికి దేశబహిష్కారము విధించిరి. నోరు మెదపకున్నచో వసంతకాలము వఱకు నుండవచ్చుననిరి. అతడు ఇంటికి వచ్చినవారికి బోధించుట మానలేదు. 1636 జనవరిలో అతనిని పట్టి యోడపై ఇంగ్లండునకు పంప నుద్యుక్తులుకాగా, పూర్వము గవర్నరుగా నుండిన జాన్ విన్త్రాపు రహస్యముగా వార్త తెలియజేసెను. అంతట విలియమ్సు భార్యను, ఇద్దఱు పసిబిడ్డలను విడిచి మంచులో బయలుదేరి, సుమారు 14 వారములు అల్లాడెను. స్వజనులు వెళ్లగొట్టిన యా పండితునకు ఆశ్రయమిచ్చినవారు వాంపనోగు తెగ నాయకుడైన మాససాయిటును అతని జనులును. అనాగరికులని పేరుపడినవా రెవ్వరో, నాగరికు లెవ్వరో చదువరులే నిర్ణయింతురు గాక.

పిమ్మట నారగాన్సెట్టు తెగ నాయకులైన కనానికసు, మియాంటొనోమీలవలన అతడు భూమిని సంపాదించి, 1636లో ప్రావిడెన్సు అను గ్రామమును స్థాపించెను. ఆ భూమి ధనముకంటె స్నేహముచేతనే లభించినదని అతడు చెప్పుచుండెడివాడు. దానిని తానొక్కడే జమీందారుగా అనుభవింపక తోడివారికి పంచి యిచ్చెను. గ్రామసభకు లౌకికవ్యవహారములయందే గాని మతవిషయములయందు అధికారములేదని అందఱును ఒడంబడికపై చేవ్రాళ్లు చేసిరి. 1638లో ఈ యొడంబడికకు ఒక పరీక్ష కలిగెను. జాషువా వెరిను అనువాడు తన భార్యను ప్రార్థనకు పోనీయక కొట్టుచుండెను. భార్య భర్తకు లోబడియుండుట దైవశాసనమని కొందఱు అతని పక్షమున వాదించిరి. అయినను గ్రామసభవారు మనస్సాక్షి స్త్రీకిని గలదని నిశ్చయించి, అతని వోటుహక్కును తీసివేసిరి. గృహమునకు వెలుపల స్వాతంత్ర్యమును పొగడి లోపల దానిని త్రొక్కివేయు పురుషులు ఈ తీర్పును శ్రద్ధగా చదువదగును.

1643లో విలియమ్సు ఇంగ్లండునకు పోవుచు, ఓడలోనే ఆదిమవాసుల భాషనుగుఱించియు ఆచారములనుగుఱించియు ఒక గ్రంథము రచించి లండనులో ప్రకటించెను. 1644లో తన వలసకు పార్లమెంటువారి సనదు సంపాదించెను. మతహింసను ఖండించుచు ఆ యేట అతడు వ్రాసిన మఱియొక గ్రంథమును పార్లమెంటువారే తగులబెట్టించిరి. క్వేకరుల సిద్ధాంతములు అతనికి ఎంతమాత్రమును సరిపడవు. 1672లో ముదిమియందు సైతము వారితో దినములకొలది వాదించెను. అయినను మసాచుసెట్సువారు 1659 మొదలు 1661 వఱకు నలుగురు క్వేకరులను ఉరితీయగా, రోడు ఐలండులో వారికి ఏ హానియు కలుగలేదు. తన కిష్టమైన మతమునకు స్వేచ్ఛ కోరుట సులభము. తాను తప్పని నమ్మిన మతమునకును స్వేచ్ఛనిచ్చుటయే కష్టము.

అతని జీవితమున చీకటియు లేకపోలేదు. 1637లో పీక్వాటు తెగతో యుద్ధము రాగా, నారగాన్సెట్టులు వారితో చేరకుండ చేసినవాడు విలియమ్సే. ఆ యుద్ధమున ఆంగ్లేయులు మిస్టికు కోటను కాల్చి, స్త్రీలు శిశువులనక వందలమందిని చంపిరి. తనను వెళ్లగొట్టినవారికి అతడు చేసిన యుపకారము ఇట్లు పరిణమించెను. 1675లో మాససాయిటు కుమారుడైన మెటాకం ఆంగ్లేయులతో యుద్ధమునకు తలపడెను. తటస్థులుగా నుండగోరిన నారగాన్సెట్టులపై డిసెంబరులో వలససైన్యములు పడి వారి నివాసమును దగ్ధము చేసినవి. 1676 మార్చిలో ఆ తెగవారు ప్రావిడెన్సును తగులబెట్టగా విలియమ్సు గృహమును కాలిపోయెను. ఆ యేడే, చెఱపట్టబడిన ఆదిమవాసులను గడువుగల దాస్యమునకు విక్రయించిన సంఘమునకు అతడు పెద్దయై యుండెను. జీవితమంతయు వారి హక్కును చాటినవాడు తుదకు వారి మనుష్యులనే విక్రయించుట మనము దాచదగినది కాదు. మహాపురుషుని స్మరించుట యనగా అతని దోషమును కప్పిపుచ్చుట కాదు. అతడు 1683వ సంవత్సరారంభమున పేదవాడుగా మరణించెను.

అతని రెండు వాదములలో ఒకటి గెలిచినది, రెండవది ఓడినది. మతమునకును రాజ్యాధికారమునకును నడుమ అతడు గీచిన గీత 1791లో అమెరికా రాజ్యాంగమున చేర్చిన మొదటి సవరణలో చోటు చేసికొనెను. కాని భూమినిగుఱించి 1823లో అమెరికా సర్వోన్నతన్యాయస్థానము, కనుగొనిన రాజునకే స్వత్వమనియు, ఆదిమవాసులకు నివసించు హక్కు మాత్రమే కలదనియు తీర్పు చెప్పెను. 1830 నాటి చట్టము ననుసరించి మిసిసిపీ నదికి తూర్పుననున్న తెగలను పడమటికి తఱిమిరి. చెరోకీ జనులు వేలకొలది త్రోవలోను శిబిరములలోను మడిసిరి. విలియమ్సునకు ఆశ్రయభూమి నిచ్చిన నారగాన్సెట్టుల తెగయే లేదని 1880లో రోడు ఐలండు ప్రభుత్వము ప్రకటించెను. వారిని మరల తెగగా కేంద్రప్రభుత్వము గుర్తించుట 1983లో గాని జరుగలేదు. మసాచుసెట్సువారు విలియమ్సు బహిష్కారమును రద్దుచేసినది 1936లో, అనగా మూడువందల యేండ్లకు.

మృతునికి క్షమాపణపత్రము వ్రాయుటకు ఎవ్వరికిని వ్యయము లేదు. తీసికొనిన నేలను తిరిగి యిచ్చుటకే వ్యయము కలదు. కావున చదువరులు ఈ చరిత్రమును దూరదేశపు కథగా చదివి విడువక, తమ గృహములలోను ఆస్తులలోను ఎవరి సమ్మతి నడుగక యెవరు ఏ దానములు చేసిరో ఒకమారు విచారించిన యెడల, మా శ్రమ సఫలమగును.