ఆక్టేవియస్ కాట్టో జీవితచరిత్రము

మహాసభా సంచికలయందు మన కులపెద్దల చరిత్రములను, విద్యాదాతల చరిత్రములను ప్రకటించుట పరిపాటి. ఈ వ్యాసమున చెప్పబడు పురుషుడు మనవాడు కాడు. మన దేశమువాడును కాడు. అయినను పాఠశాలలు నెలకొల్పి, వసతిగృహములు కట్టించి, అర్జీలు వ్రాసి, ఓటుహక్కునకై పాటుపడిన ఏ సంఘమువారికైనను ఈతని చరిత్రము తమ యింటి కథవలె తోపకమానదు. ఆక్టేవియస్ కాట్టో అమెరికా సంయుక్తరాష్ట్రములలోని ఫిలడెల్ఫియా నగరమున ఉపాధ్యాయుడు. ముప్పదిరెండేండ్ల వయసున, ఎన్నిక జరుగుచున్న దినముననే, పట్టపగలు, తన యింటి సమీపముననే తుపాకి గుండ్లకు బలియయ్యెను.

కాట్టో 1839 ఫిబ్రవరి 22వ తేదీన దక్షిణ కరొలైనా రాష్ట్రమునందలి చార్లెస్టన్ నగరమున జన్మించెను. ఆ రాష్ట్రమున నల్లజాతివారిలో అత్యధికులు బానిసలు. కాట్టో కుటుంబము మాత్రము స్వతంత్రుల కుటుంబము. తండ్రి విలియం కాట్టో మరలు నిర్మించు వృత్తినుండి క్రైస్తవ మతబోధకుడైనవాడు. కొడుకు బాలుడై యుండగనే కుటుంబము ఉత్తరదిశకు తరలి, తుదకు పెన్సిల్వేనియా రాష్ట్రమందలి ఫిలడెల్ఫియాలో స్థిరపడెను. అచ్చట నల్లవారు బానిసలు కారు. కాని పౌరులును కారు. 1838లో ఆ రాష్ట్రమువారు తమ రాజ్యాంగమును సవరించి, ఓటు తెల్లవారికి మాత్రమే చెల్లునని వ్రాసికొనిరి. అంతకు పూర్వము ఓటు వేయుచుండిన నల్లవారు కొందఱు ఒక్క కలపుపోటుతో ఆ హక్కును కోల్పోయిరి. కాట్టో పుట్టుటకు ముందు సంవత్సరమున జరిగిన ఈ అన్యాయమే ఆయన జీవితమునకు కార్యక్రమమును నిర్ణయించినది.

ఆ నగరమున నల్లజాతి యువజన విద్యాలయమను పాఠశాల యొకటి యుండెను. రిచర్డ్ హంఫ్రీస్ అను క్వేకరు మతస్థుడు తన మరణశాసనమున 10,000 డాలర్లు వ్రాసియిచ్చి పోగా, ఆ ధనముతో 1837లో అది స్థాపితమయ్యెను. దాత కన్నుమూసిన పిమ్మటను దానము పనిచేయుచునే యుండుననుటకు మన పోషకమహాశయులు ఈ పాఠశాలను చూడవచ్చును. అది నేడు చెయినీ విశ్వవిద్యాలయముగా వర్ధిల్లుచున్నది. కాట్టో 1858లో అందు ప్రథముడుగా ఉత్తీర్ణుడై, ఒక యేడు వాషింగ్టనులో గ్రీకు, లాటిను భాషలభ్యసించి, 1859లో తన పాఠశాలకే ఉపాధ్యాయుడై తిరిగివచ్చెను. ఆంగ్లము, గణితము బోధించుచుండెను. నాటి ప్రధానోపాధ్యాయుడగు ఎబెనేజర్ బాసెట్ 1869లో హైటీ దేశమునకు అమెరికా ప్రభుత్వ ప్రతినిధిగా నియమితుడయ్యెను; నల్లవారిలో అట్టి రాయబారపదవి నందినవారిలో ఆయనయే మొదటివాడు. ఆ పాఠశాల స్థాయి యెట్టిదో దీనినిబట్టి యూహింపవచ్చును.

1863లో అంతర్యుద్ధము ముదిరి, దక్షిణసేనలు పెన్సిల్వేనియాపైకి దండెత్తివచ్చెను. కాట్టో తన శిష్యులను, మిత్రులను కూర్చి ఒక దళమును సిద్ధపఱచి, రైలుబండిలో రాజధానియగు హారిస్‌బర్గునకు కొనిపోయెను. శత్రువు గుమ్మమున నుండగా సేనాధిపతి కౌచ్ ఆ యువకులను చేర్చుకొనక తిప్పిపంపెను. మఱియొకడైన అవమానముతో ఇల్లు చేరి యుండును. కాట్టో మాత్రము ఫ్రెడరిక్ డగ్లాస్ మొదలగువారితో కలిసి సైన్యమునకు మనుష్యులను సమకూర్చు పనికి పూనుకొనెను. ఫిలడెల్ఫియా చెంతనున్న విలియం పెన్ శిబిరమున 11 పటాలములు, సుమారు 11,000 మంది నల్లసైనికులు, శిక్షణమొంది యుద్ధమునకు వెడలిరి.

అయితే ఆ సైనికుల భార్యలు శిబిరమునకు పోయి భర్తలను చూడవలెనన్నచో గుఱ్ఱములు లాగు ట్రాముబండి లోపల కూర్చుండుటకు వీలులేదు. కొన్ని బండ్లలో అసలు ఎక్కనీయరు. కొన్నిట బండివాని ప్రక్కను, ఎండలో వానలో, నిలువవలెను. రేవులయొద్ద, బావులయొద్ద, బండ్లయొద్ద ఇట్టి వ్యవహారము నెఱిగిన మన పెద్దలకు దీనిని విడమర్చి చెప్పనక్కఱలేదు. విలియం స్టిల్ మున్నగువారు పెక్కేండ్లుగా అర్జీలు పెట్టుచునే యుండిరి. కాట్టోయును సమానహక్కుల సమితి పక్షమున శాసనసభ్యులను కలిసికొని, సభలు జరిపి, తీర్మానములు పంపి, 1867 మార్చి 22వ తేదీన ట్రాముబండ్లలో వివక్షను నిషేధించు శాసనమును చేయించుటలో ప్రముఖపాత్ర వహించెను. శాసనమైన మూడవనాడే కరొలైన్ లెకౌంట్ అను ఉపాధ్యాయిని నొక బండివాడు ఎక్కనీయలేదు. ఆమె అచ్చటినుండి న్యాయాధికారి కడకేగి శాసనప్రతిని చూపి వ్యాజ్యము నడపగా, వానికి 100 డాలర్ల జుల్మానా పడెను. ఆమె కాట్టోకు ప్రధానము జరిగిన కన్య యని చెప్పుదురు. శాసనమును చేయించుట యొకరి పనియు, దానిని అమలుపఱపించుట మఱియొకరి పనియునై, ఆ యిరువురి జోడి మిక్కిలి చక్కగా కుదిరినది.

కాట్టో ఆటగాడును. పిథియన్ అను బేస్‌బాలు జట్టునకు నాయకుడై దానిని ప్రసిద్ధికి తెచ్చెను. 1867లో ఆటగాండ్ర సమాఖ్య నల్లజట్టులను చేర్చుకొన నిరాకరించెను. అయినను 1869లో ఒలింపిక్ అను తెల్లవారి జట్టు వీరితో ఆడుటకు అంగీకరించెను. 44-23 లెక్కన ఓడిపోయిరి. కొలది దినములకే మఱియొక తెల్లజట్టును 27-17 లెక్కన ఓడించిరి.

ఇక ఓటు సంగతి. 1870లో అమెరికా రాజ్యాంగమునకు పదునైదవ సవరణ స్థిరపడి, వర్ణమునుబట్టి ఓటు నిరాకరింపరాదని శాసింపబడెను. 1838లో పోయిన హక్కు ముప్పదిరెండేండ్లకు తిరిగివచ్చినది. ఆ యేటి అక్టోబరు ఎన్నికలో ఫిలడెల్ఫియా నల్లవారు వరుసలు కట్టి నిలువగా, కేంద్రప్రభుత్వాధికారి సముద్రదళ సైనికులను రప్పించి వారికి రక్షణ కల్పించెను. దానితో ఓట్లు పడెను.

ఈ ఓట్లన్నియు బానిసత్వమును తొలగించిన లింకనుగారి రిపబ్లికను పక్షమునకే చేరుచుండెను. నగరపాలనము డెమొక్రాటు పక్షముచేత నుండెను. నల్లవారు వసించు దక్షిణపు వార్డులలో విలియం మెక్‌ములెన్ అను నాయకుని మాటయే శాసనము; ఐర్లండునుండి వలసవచ్చిన పేదజనము అతని బలము. వీరును బాధితులే యనుట మఱువరాదు. కఱవునకు తాళలేక సముద్రము దాటి వచ్చినవారు వీరిలో పెక్కురు. 1844లో ఈ నగరముననే వీరి దేవాలయములను అల్లరిమూకలు తగులబెట్టినవి. కూలిపనికై తమతో పోటీపడు నల్లవాడు ఓటుతో తమ నాయకుని పడగొట్టునను భయమును వారి మనసులలో నాటుట పక్షనాయకులకు కష్టము కాలేదు. క్రిందనున్న యిరువురు కలహించుకొనుచుండగా పైనున్నవాడు నిశ్చింతగా నుండుట ఒక్క అమెరికాలోని విషయము కాదు.

1871 అక్టోబరు 10వ తేదీ మంగళవారము. నాడు మేయరు ఎన్నిక. ఈ పర్యాయము సైనికులు రాలేదు. నగరపు పోలీసులలో కొందఱు కొట్టువారి పక్షమే వహించిరి. ఉదయమునుండియు నల్లవారిని వరుసలనుండి లాగివేయుట, దుడ్డుకఱ్ఱలతో బాదుట, ఇండ్లపై పడుట సాగినది. ఐజక్ చేజ్, జేకబ్ గోర్డన్ అను నల్లవారు హతులైరి. అల్లరి పెరుగుటచే పాఠశాలను ముందుగనే మూసి పిల్లలను ఇండ్లకు పంపిరి. కాట్టో రాష్ట్ర రక్షకదళమున మేజరు పదవియందుండెను. వీథిలో దుండగులు తన్ను బెదిరింపగా, ఆయన ఒక పిస్తోలు కొనెను. తూటాలు ఇంట నుండెను. చేతిలోని పిస్తోలు వట్టిది.

సౌత్ వీథిలో తన యిల్లు కొన్ని అడుగుల దూరమున నుండగా, తలకు కట్టుకట్టుకొనిన ఒక తెల్లవాడు ఆయనను దాటిపోయి, వెనుదిరిగి కాల్చెను. వాడు మెక్‌ములెన్ అనుచరుడగు ఫ్రాంక్ కెల్లీ. కాట్టో వీథిలోనికి పరుగెత్తి, అచ్చట నిలిచియున్న ట్రాముబండి చాటునకు పోయెను. కెల్లీ వెంబడించి మరల కాల్చెను. బండిలోని ప్రయాణికులు చూచుచుండగనే కాట్టో నేలకొఱిగెను. నాలుగేండ్ల క్రితము ఏ బండ్లలో తనవారికి స్థానము సంపాదించెనో అట్టి బండియే ఆయనకు కడపటి చాటయ్యెను, అదియు చాలలేదు.

హంతకుడు పాఱిపోయెను. ఎన్నిక మాత్రము ఆగలేదు. భయపెట్టినవారి పక్షమే ఓడి, రిపబ్లికను అభ్యర్థియగు విలియం స్టోక్లీ మేయరయ్యెను. కాట్టో కళేబరమును నగరపు ఆయుధశాలలో నుంచగా వేలకొలది జనులు దర్శించిరి. సైనికమర్యాదలతో జరిగిన ఆ అంత్యయాత్రవంటిది నల్లజాతివాని కెవ్వనికిని ఆ నగరము అంతకు ముందు జరిపియుండలేదు. కెల్లీ షికాగోలో దొరకి 1877లో విచారణకు తేబడెను. కన్నులార చూచినవారు, నల్లవారును తెల్లవారును, సాక్ష్యమిచ్చి వానిని గుర్తుపట్టిరి. జ్యూరీ వానిని నిర్దోషిగా విడిచిపెట్టెను. వాడు ఇంకను పట్టుబడకముందే, 1873లో, పూనాలో జోతిబా ఫూలే మహాశయుడు తన గులాంగిరి గ్రంథమును, బానిసలను విముక్తులను గావించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చెను. ఆ విముక్తి నిజమే. దానిని నిలువబెట్టుకొనుటకు ఓటువరుసలో ప్రాణములొడ్డవలసిన వారున్నారన్నదియు నంతే నిజము.

కరొలైన్ లెకౌంట్ వివాహమాడలేదు. ఆమె నగరపాఠశాలలో ప్రధానోపాధ్యాయినిగా చాలకాలము పనిచేసి, 1923లో కాలధర్మము చెందెను. ఆమె పాఠశాలకు కాట్టో పేరు పెట్టబడెను. 2017లో ఫిలడెల్ఫియా పురమందిరము చెంత కాట్టో కంచువిగ్రహమును నెలకొల్పిరి. నగరమునకు చెందిన స్థలములలో నల్లజాతి వ్యక్తి యొక్కనికై నిలిచిన మొదటి స్మారకవిగ్రహము అదియే. విగ్రహము ముందడుగు వేయుచున్నట్లు మలచబడినది; ఎదుట ఓటుపెట్టె యున్నది.