శాస్త్రిగారి సోమవారం

మా అమ్మమ్మ సోమవారం రాత్రి అన్నం తినేది కాదు. శివుడి ఉపవాసం అనుకునేదాన్ని చిన్నప్పుడు. కాదట, లాల్ బహదూర్ శాస్త్రిగారి కోసమట!

1965లో వానలు మొహం చాటేశాయి. అమెరికా గోధుమలతో ఓడ వస్తేగానీ రేషన్ షాపు తెరవని రోజులు. పైగా పాకిస్తాన్‌తో యుద్ధం. అలాంటప్పుడు ప్రధానిగా ఆయన, వారానికి ఒక పూట భోజనం మానమని జనాన్ని అడిగారు. ముందు సొంత ఇంట్లో ఓ పూట పొయ్యి ఆర్పించి, పిల్లలు తట్టుకోగలరని చూసుకున్నాకే అడిగారంటారు. ఉపవాసాలతో కడుపు నిండదని ఆయనకీ తెలుసు. అందుకే వ్యవసాయ మంత్రి సుబ్రహ్మణ్యంగారు మెక్సికో గోధుమ విత్తనాలు తెప్పిస్తుంటే వెనక నిలబడ్డారు.

మొదట్నించీ అంతే. రైల్వే మంత్రిగా ఉండగా, 1956లో మన మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి వందమందికి పైగా పోతే రాజీనామా ఇచ్చారు. నెహ్రూ వద్దన్నారు. నవంబరులో అరియలూరు ప్రమాదం జరిగాక మళ్లీ ఇచ్చి, దిగిపోయారు.

నాకు మింగుడుపడనిది తాష్కెంట్. మన జవాన్లు ప్రాణాలొడ్డి గెలిచిన హాజీపీర్ కనుమను, 1966 జనవరి 10న సంతకం చేసి వెనక్కిచ్చేశారు. పాకిస్తాన్ కూడా ఛంబ్ వదలాలి, ఇద్దరూ ఆగస్టు 5 నాటి చోటుకే పోవాలి. మధ్యవర్తి రష్యా ప్రధాని కొసిగిన్. ఒకటి ఉంచుకుని ఇంకొకటి అడగడం కుదరదు మరి. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే కూతురికే ఆ ఒప్పందం నచ్చలేదనీ, భార్య లలితగారు మాట్లాడనే లేదనీ, అప్పుడు తాష్కెంట్‌లోనే ఉన్న కులదీప్ నయ్యర్ తర్వాత రాశారు. దేశాన్ని ఒప్పించొచ్చేమో గానీ ఇంట్లోవాళ్లని ఒప్పించడం ఎంత కష్టమో! ఒప్పించే వ్యవధి కూడా దొరకలేదాయనకి. అర్ధరాత్రి దాటాక గుండెపోటుతో పోయారు. 61 ఏళ్లు. కారు కోసం బ్యాంకులో తీసుకున్న 5 వేల అప్పు మిగిలితే, లలితగారే పింఛన్లోంచి తీర్చారు.

హాజీపీర్ ఇచ్చేయడం తప్పు కాదా అని ఓసారి అమ్మమ్మని నిలదీశాను. అదెక్కడుందో ఆవిడకి తెలీదు. ఫిబ్రవరి 25లోగా సైన్యాలు వెనక్కి రావాలన్నది మాత్రం బాగా గుర్తు. మార్చిలో ఆవిడ తమ్ముడు సరిహద్దు నుంచి సెలవు మీద ఇంటికొచ్చాడు. వచ్చింది సోమవారమేనట. ఆ ఒక్క రాత్రీ పొయ్యి వెలిగించి, వాడితో పాటు తనూ తిన్నానని చెప్పింది.