ఫ్లెమింగు మహాశయుని హెచ్చరిక

కొద్దిపాటి జ్వరము తగిలినంతనే సూదిమందు వేయుమని వైద్యుని నిర్బంధించుటయు, రెండు నాళ్లలో ఒడలు చల్లబడగానే చికిత్స మానివేయుటయు మనలో పరిపాటియైనది. ఇట్టివారు పెన్సిలిన్‌ను కనుగొనిన అలెగ్జాండరు ఫ్లెమింగు చరిత్రము నెఱుగుట అవసరమని మేము తలంచుచున్నాము.

ఆయన 1881వ సంవత్సరము ఆగష్టు 6వ తేదీన స్కాట్లండునందు డార్వెల్ సమీపమున ఒక కర్షక కుటుంబమున జన్మించెను. ఏడేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. లండను జేరి నాలుగేండ్లు ఓడల కంపెనీలో గుమాస్తాగా నుండి, పిమ్మట బంధువొకరు విడిచిపోయిన ధనముతో సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో వైద్యవిద్య నభ్యసించెను. మొదటి ప్రపంచ యుద్ధమున ఫ్రాన్సునందు సైనికుల గాయములను పరీక్షించి, నాటి క్రిమిసంహారక ద్రవములు లోతైన పుండ్లలోని క్రిములను చంపజాలక, దేహమును రక్షించు తెల్లకణములనే నశింపజేయుచున్నవని నిరూపించెను. రోగికి హానిలేక క్రిమిని మాత్రమే చంపు మందెక్కడ?

1928 సెప్టెంబరులో సెలవులు గడిపి తిరిగివచ్చి చూడగా, క్రిములను పెంచిన పళ్లెములో నొకదాని యందు బూజు పట్టియుండెను. దాని చుట్టునున్న క్రిములు నశించియుండెను. ఆ బూజు స్రవించు పదార్థమునకే ఆయన పెన్సిలిన్ అని పేరిడెను. దానిని శుద్ధిచేసి మందుగా రూపొందించిన ఘనత ఆక్స్‌ఫర్డునందలి ఫ్లోరీ, చెయిన్ ప్రభృతులది. 1941లో వారు ఒక పోలీసు ఉద్యోగికి దానిని సూదిమూలమున ఇచ్చిరి. అతడు కోలుకొనుచుండగనే మందు నిండుకొనెను, రోగము తిరుగబెట్టెను, అతడు మరణించెను. సగము చికిత్స చికిత్స కాదు.

1945లో ఈ ముగ్గురికిని నోబెలు బహుమానము లభించెను. ఆ సన్మాన సందర్భమున సైతము ఫ్లెమింగు తన మందును పొగడుకొని ఊరకుండలేదు. చాలీచాలని మోతాదు వాడినచో క్రిములు చావక, మందును సహింప నేర్చునని, అవి ఇతరులకు సోకి వారి ప్రాణములు తీయవచ్చునని హెచ్చరించెను. కొలది యేండ్లలోనే ఆసుపత్రులలో చీము పుట్టించు క్రిములు పెక్కు పెన్సిలిన్‌కు లొంగకపోవుటచే ఆ హెచ్చరిక రుజువయ్యెను. ఆయన 1955 మార్చి 11న లండనులో పరమపదించెను.

ఆయన మాట మనకు నేటికిని శిరోధార్యము. జలుబు వంటి వైరస్ వ్యాధులకు పెన్సిలిన్ పనికిరాదు. కొందరి దేహమునకు అది పడక ప్రాణాపాయమే కలుగవచ్చును. కావున పూర్వము దానివలన దద్దుర్లు, ఉబ్బు, ఆయాసము కలిగినవారు ఆ సంగతి ముందుగనే వైద్యునికి చెప్పవలెను. సూది వేయించుకొనిన వెంటనే ఇల్లు చేరక కొంతసేపు ఆయన కనుసన్నలలో నుండవలెను. మోతాదును, దినములను నిర్ణయింపవలసినవాడు వైద్యుడే గాని రోగియు కాడు, మందుల దుకాణదారుడును కాడు. ఒకరు అజాగ్రత్తతో చెడగొట్టిన మందు ఊరివారి కెల్లరకును చెడునని మరువరాదు.