మన సాగరముల ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూర్

శతజయంతి సంచికలో గుళ్లు కట్టించిన మిషనరీలను, వారితో పాటుపడిన మన పెద్దలను తలచుకొనుట పరిపాటి. మేము మాత్రము చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతపు సంఘస్థులకు మరియొకరిని జ్ఞాపకము చేయగోరుచున్నాము. ఆయన మన సంఘస్థుడు కారు, ముస్లిము. అయినను మన ఊళ్లలో ఏ కట్టడము లేవవలెను, ఏది లేవరాదు అనుదానిపై ఆయన చేతిపని ప్రభావము నేటికిని ఉన్నది.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించారు. చిన్ననాటి చదువు ఆబిడ్స్‌లోని సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలులో జరిగినది. అది ఆంగ్లికను సంఘమువారి బడి. పిమ్మట మదరసా-ఎ-ఆలియాలో, నిజాం కాలేజీలో చదివారు. 1896లో ప్రభుత్వ స్కాలర్‌షిప్పుపై ఇంగ్లండు వెళ్లి, కూపర్స్ హిల్ ఇంజనీరింగు కాలేజీలో చేరారు. 1899లో తిరిగివచ్చి నిజాం ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంటు ఇంజనీరు అయ్యారు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినది. 15,000 మంది వరకు మరణించారని అంచనా. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది వరకు బ్రతికారని పెద్దలు చెప్పుదురు. తాను పుట్టిన నగరము ఇట్లు కొట్టుకొనిపోయిన నాటికి మన ఇంజనీరు వయస్సు 31 ఏండ్లు. మరుసటి ఏడు నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించినది. నగరమునకు ఎగువన జలాశయములు కట్టి, వరదను అక్కడనే ఆపి, మెల్లగా క్రిందికి వదలవలెనని ఆయన సలహా ఇచ్చారు.

ఆ సలహా ప్రకారము రెండు సాగరములు వెలసినవి. మూసీపై మనము గండిపేట అని పిలుచు ఉస్మాన్ సాగరు 1920లో, ఈసీపై హిమాయత్ సాగరు 1927లో పూర్తయినవి. అలీ నవాజ్ జంగ్ గారు 1918లో చీఫ్ ఇంజనీరు అయ్యారు గనుక, మొదటిదాని ముగింపు, రెండవదాని నిర్మాణము ఆయన హయాములోనివే. మొయినాబాదు ఈ రెండు సాగరముల నడుమ ఉన్నది. గండిపేట నీళ్లు త్రాగినవాడు హైదరాబాదు విడువడని సామెత. నగరములోని మన గుళ్లలో ఎన్నో ఏండ్లు బాప్తిస్మపు తొట్టిలో పోసిన నీరును ఆ నీరే కదా!

అటుపిమ్మట మంజీరపై నిజాం సాగరు 1931లో పూర్తయినది. ఖమ్మం ప్రాంతపు వైరా, పాలేరు చెరువులును ఆయన కాలపువే. నగరములో ఉస్మానియా ఆసుపత్రి వంటి గొప్ప భవనములు లేచినది కూడ ఆయన శాఖ చేతి మీదుగానే. ఆయన 1949లో కాలము చేశారు. 2014 నుండి తెలంగాణ ప్రభుత్వము ఆయన పుట్టినరోజును ఇంజనీర్ల దినముగా జరుపుచున్నది.

ఇక మన సంగతి. జలాశయములు కట్టినప్పుడు ఏటి ఒడ్డు పల్లెల భూములు మునిగినవి. ఆ నీరు చెడకుండుటకు 1996లో ప్రభుత్వము 111 నంబరు ఉత్తర్వు ఇచ్చినది. సాగరముల చుట్టు 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో, కాలుష్యము కలిగించు పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు కూడవని దాని సారాంశము. మొయినాబాదు మండలపు గ్రామములు, చేవెళ్ల మండలములో కొన్ని దానిలో ఉన్నవి. చుట్టుపట్ల భూముల ధరలు పెరుగుచుండగా మన రైతులు కూతురి పెండ్లికి, కొడుకు చదువుకు తమ చేను తగిన ధరకు అమ్ముకొనలేక బాధపడినారు. నగరపు దాహము తీర్చుటకు పల్లె ఎందుకు నష్టపోవలెనని అడిగినారు. అది అన్యాయమైన ప్రశ్న కాదు. 2022లో ప్రభుత్వము 69 నంబరు ఉత్తర్వుతో ఆ కట్టుబాట్లను తొలగింపబూనినది.

ఈ వివాదములో తీర్పు చెప్పుట మా పని కాదు. ఒక్క మాట మాత్రము చెప్పుదుము. అలీ నవాజ్ జంగ్ గారు కట్టకు ఎగువన నిలిచి, దిగువన ఉన్న ముఖమెరుగని జనము కొరకు కట్టినారు. మన భూమిలో మనము ఇల్లు కట్టినను, సంఘముగా కూడి కొత్త గుడి కట్టినను, కొలత త్రాడు పట్టక ముందే వాననీరు ఏ దారిన పోవుచున్నదో చూడవలెను. వాగును పూడ్చి కట్టిన గోడ ఎంత అందముగా ఉన్నను, అది పొరుగువాని ఇంటిలోనికి వరదను పంపును. మురుగు ఎటు పోవునో తేల్చక కట్టిన మేడ మరియొకని బిందెను చెరుపును.

గోడలు కట్టువారు మనలో అనేకులు. క్రింద నున్నవాని క్షేమము ఎంచి కట్టువారు కొందరే. ఆ కొందరిలో ఒకరు మన పొలిమేరలోనే పని చేసి వెళ్లినారు. ఈసారి గండిపేట కట్టమీదికి పిల్లలను షికారుకు తీసికొనిపోవునప్పుడు, ఆ పేరు వారికి చెప్పుడు.