కొల్యూర్ తీరాన మచాదో

ఫ్రాన్సు దేశపు దక్షిణపు కొనను, పిరనీస్ పర్వతాలు మధ్యధరా సముద్రములోనికి దిగివచ్చే చోట, కొల్యూర్ అనే చిన్న పట్టణమున్నది. పూర్వమిది కటలాన్ ప్రజల రేవు. మయోర్కా రాజులు విడిది చేసిన కోట నేటికీ అలల అంచున నిలిచియున్నది. 1659 నాటి పిరనీస్ సంధితో ఈ సీమ ఫ్రాన్సు వశమైనది. అయినను కటలాన్ సంస్కృతి ఆ వీధులను విడిచిపోలేదు. 1905లో మాతిస్, దెరెన్ అనే చిత్రకారులు ఇక్కడి వెలుగును చూచి చిత్రకళకే క్రొత్త రంగులు తెచ్చినారు.

కోటను, రేవును చూచిన యాత్రికులు తరువాత ఊరిలోని చిన్న శ్మశానవాటికకు వెళతారు. అక్కడ ఒక సమాధి దగ్గర తపాలా పెట్టె ఉన్నది. దేశదేశాలవారు అందులో లేఖలు వేస్తారు. ఆ లేఖలన్నీ 1939లో గతించిన ఒక బడిపంతులుకు. ఆయనే స్పానిష్ మహాకవి ఆంతోనియో మచాదో.

మచాదో 1875 జూలై 26వ తేదీన సెవిల్ నగరంలో జన్మించినాడు. తండ్రి జానపద గేయాలను సేకరించిన పండితుడు. ప్రజల నోట పుట్టిన పాటపై గౌరవం కుమారునికి ఆ విధంగా చిన్ననాడే అబ్బినది. 8వ యేట కుటుంబం మాడ్రిడ్ చేరినది. శిక్షకన్న స్వేచ్ఛకు, వల్లె వేయుటకన్న ఆలోచనకు విలువనిచ్చిన పాఠశాలలో ఆయన చదివినాడు. 1903లో తొలి కావ్యసంపుటి వెలువడినది. కాని కవిత్వం కడుపు నింపదు గదా! 1907లో సోరియా అనే చిన్న పట్టణంలో ఫ్రెంచి భాషోపాధ్యాయుడుగా చేరినాడు.

సోరియాలోని ఎండిన మైదానాలు, పేదరైతుల బ్రతుకులు ఆయన కవితకు ప్రాణమైనవి. 1909లో, తాను బస చేసిన ఇంటివారి కుమార్తె లెయొనోర్‌ను వివాహమాడినాడు. అప్పటికి ఆమెకు 15 యేండ్లు, ఆయనకు 34. రెండేండ్లకు పారిస్ వెళ్లి బెర్గ్సన్ తత్త్వోపన్యాసాలు వింటున్న రోజులలోనే ఆమెకు క్షయవ్యాధి బయటపడినది. 1912లో ఆయనకు గొప్ప కీర్తి తెచ్చిన కాస్తీల్ సీమ కవితల సంపుటి వెలువడినది. ఆ ఆగస్టు 1వ తేదీన లెయొనోర్ కన్ను మూసినది. పిడుగు పడి చీలిన ముసలి చెట్టుకు చిగుళ్లు పుట్టుట చూచి, తన ఇంటను అట్టి అద్భుతమే జరుగునేమోనని ఆశపడుతూ ఆయన వ్రాసిన కవిత మాత్రం మిగిలినది.

ఆ ఊరిలో ఉండలేక బయేతాకు, 1919లో అక్కడనుండి సెగోవియాకు మారినాడు. సెగోవియాలో పనివారికి ఉచితంగా చదువు చెప్పే ప్రజావిద్యాలయానికి అండగా నిలిచినాడు. 1927లో స్పానిష్ అకాడమీ సభ్యుడుగా ఎన్నికైనను ఆ పీఠాన్ని ఎన్నడును అధిష్ఠించలేదు.

1936లో అంతర్యుద్ధం రగిలినది. మచాదో రిపబ్లిక్ పక్షాన నిలిచినాడు. తనతో కలిసి నాటకాలు వ్రాసిన అన్న మాన్యుయెల్ శత్రుపక్షపు బుర్గోస్ నగరంలో చిక్కుకొన్నాడు. దేశం చీలినట్లే ఇల్లును చీలినది. మాడ్రిడ్ నుండి వాలెన్సియాకు, అచటినుండి బార్సెలోనాకు మచాదో తరలినాడు. 1939 జనవరిలో బార్సెలోనా పతనమైనది. 4 లక్షలకు పైగా జనం చలిలో, వానలో ఫ్రాన్సు సరిహద్దువైపు సాగినారు. ఆ ప్రవాహంలో మచాదో, ఎనుబదియేండ్లు దాటిన తల్లి, తమ్ముడు హోసె, మరదలు ఉన్నారు. వ్రాతప్రతులున్న పెట్టె దారిలోనే పోయినది. సరిహద్దు దాటిన తరువాత ఒక రాత్రి నిలిచియున్న రైలు పెట్టెలో గడిపి, జనవరి 28వ తేదీన కొల్యూర్‌లో దిగినారు. తల్లిని ఒక మిత్రుడు చేతులమీద మోయవలసివచ్చినది. సెవిల్ ఎప్పుడు చేరుతామని ఆ తల్లి అడిగినదట!

హోటలు పుస్తకంలో మచాదో తన వృత్తి ఉపాధ్యాయుడని వ్రాయించినాడు. అంతకు మించి చెప్పుకొనలేదు. సాయంత్రాలలో ఆ పుస్తకాల లెక్క చూచే రైల్వే ఉద్యోగి ఒకడు ఆ పేరు వద్ద ఆగినాడు. స్పానిష్ నేర్చుకొన్న రోజులలో అతడు మచాదో పద్యాలు చదివియున్నాడు. ఆ కవి మీరేనా అని వినయంగా అడిగినాడు. అవునన్నాడు మచాదో. ఆనాటి నుండి అతడు పుస్తకాలు తెచ్చి ఇచ్చేవాడు. అన్నదమ్ములకు మార్చుకొనుటకు బట్టలు లేవు. చొక్కా ఉతికిన పూట ఒకరి తరువాత ఒకరు భోజనానికి వచ్చేవారట.

ఒకనాడు తమ్ముని చేయిపట్టుకొని మచాదో సముద్రం చూడబోయినాడు. జాలరుల ఇండ్లు చూచి, ఆ కిటికీలలో ఒకదాని వెనుక చింతలేక బ్రతకగలిగితే చాలునన్నాడని తమ్ముడు తరువాత చెప్పినాడు. ఫిబ్రవరి 22వ తేదీన ఆ కవి మరణించినాడు. మూడు రోజులకు తల్లియు వెంట వెళ్లినది. అన్న కోటు జేబులో హోసెకు ఒక నలిగిన కాగితం దొరికినది. అందులోని వ్రాతలలో నీలి దినాలను, బాల్యపు ఎండను తలచుకొన్న ఒక పద్యపాదం ఉన్నది.

రిపబ్లిక్ జెండా కప్పిన శవపేటికను స్పానిష్ సైనికులు మోసినారు. మొదట ఎరువు తెచ్చిన సమాధిగూటిలో ఉంచిన దేహాన్ని 1958లో చందాలతో కట్టిన సమాధికి మార్చి, తల్లిని ప్రక్కనే ఉంచినారు. దేశాన్ని, ఇంటిని, వ్రాతప్రతులను కోల్పోయి వచ్చిన ఆ మనిషిని పరాయి ఊరిలో గుర్తించినది ఏ పదవియు, ఏ బిరుదును కాదు; ఎక్కడో ఒక తరగతిలో, ఎవరో ఒక ఉపాధ్యాయుడు ఒక విద్యార్థికి చెప్పిన పద్యం.