మందుల జోడింపునకు బాట వేసిన భీమవరం వైద్య శాస్త్రవేత్త

భీమవరం: రక్త క్యాన్సర్‌కు రెండు మూడు మందులు కలిపి ఇవ్వడం నేడు సర్వసాధారణం. ఆ చికిత్సకు పునాదిరాళ్లలో ఒకటైన మెథోట్రెక్సేట్ మన పట్టణంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధక బృందం నుంచి వచ్చిందన్న సంగతి ఎందరికి తెలుసు?

1895 జనవరి 12న జన్మించిన సుబ్బారావు మెట్రిక్యులేషన్‌ను మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురికావడంతో ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాయే దక్కింది. అమెరికా వెళ్లి, ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేసుకుంటూ హార్వర్డ్‌లో పరిశోధనలు సాగించారు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి ఉపకరించే ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ఆయన బృందం కృత్రిమంగా తయారు చేసింది. గోదావరి తీరవాసులకు చిరపరిచితమైన బోదకాలు మాత్ర డీఈసీ కూడా ఆ ప్రయోగశాలలో రూపొందినదే.

బోస్టన్‌లో పిల్లల రక్త క్యాన్సర్‌పై పరిశోధిస్తున్న డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఒక విపరీతాన్ని గమనించారు. ఫోలిక్ యాసిడ్ తరహా మందులిస్తే వ్యాధి మరింత విజృంభిస్తున్నది. అయితే దానిని అడ్డుకునే పదార్థమిస్తే వ్యాధి తగ్గాలి కదా! సుబ్బారావు బృందం రూపొందించిన అమినోప్టెరిన్‌ను ఆయన ప్రయోగించారు. 1948లో వెల్లడైన ఫలితాల ప్రకారం 16 మంది చిన్నారుల్లో 10 మందికి ఉపశమనం లభించింది. కానీ అది తాత్కాలికమే. కొద్ది నెలలకే వ్యాధి తిరగబెట్టింది.

ఒక్క మందుకు లొంగని కణాలు మిగిలిపోతున్నాయన్న గ్రహింపే జోడు మందుల ప్రయోగాలకు దారితీసింది. 1960లలో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మెథోట్రెక్సేట్‌తో పాటు మరో మూడు మందులు కలిపి పిల్లలకు ఇచ్చి చూశారు. ఉపశమన కాలం పెరిగింది. సుబ్బారావు వాటిని చూడలేకపోయారు. 1948 ఆగస్టులో 53వ ఏట నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు.

తీవ్రమైన కీమోథెరపీని తట్టుకోలేని వృద్ధుల సమస్య మాత్రం చాలాకాలం అలాగే మిగిలింది. వేరొక రకం రక్త క్యాన్సర్ అయిన ఏఎంఎల్‌కు సంబంధించి 2020లో వెల్లడైన ప్రయోగంలో అట్టి 431 మందిని పరీక్షించారు. అజాసిటిడిన్ ఒక్కటే తీసుకున్నవారి మధ్యస్థ జీవితకాలం 9.6 నెలలు కాగా, వెనెటోక్లాక్స్ జోడించినప్పుడు 14.7 నెలలకు పెరిగింది. ఇవి సుబ్బారావు మందులు కావు, పద్ధతి మాత్రం ఆనాడు మొదలైనదే. అయిదు నెలలంటే రోగి కుటుంబానికి తక్కువేమీ కాదు.

సముద్రం దాటిన సుబ్బారావు మరి స్వదేశానికి తిరిగి రాలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. అయినా ఆయన అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన స్మారక బిళ్లను విడుదల చేసింది.