గింజ మర్మమును వెదకిన హాబర్‌లాంట్

మన నగర్తపేటలో పసిపాపలున్న ఇండ్లలో రాగులను నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలు వచ్చిన పిమ్మట ఎండబెట్టి, వేయించి, పిండి విసరుట విద్యార్థులెరిగినదే. మొలకెత్తిన గింజ కొంచెము తియ్యనగును. అందలి పిండి చక్కెరగా మారుటయే దీనికి కారణము. ఇట్టి మార్పు ధాన్యపు గింజలో ఎచ్చట ఆరంభమగునో వెదకిన మహనీయుడు గాట్లీబ్ హాబర్‌లాంట్. ఆయన చరిత్రమును మేమిచట సంగ్రహముగా తెలుపుచున్నాము.

హాబర్‌లాంట్ 1854 నవంబరు 28వ తేదీన హంగరీలోని ఆల్టెన్‌బుర్గ్ పట్టణమున జన్మించెను. జన్మదేశపు భాష హంగేరియను. ఆయన శాస్త్రరచన సాగినది జర్మను భాషలో. తండ్రి ఫ్రీడ్‌రిఖ్ వ్యవసాయ శాస్త్రాచార్యుడు. సోయాచిక్కుడు సాగును ఐరోపాలో ప్రోత్సహించినవాడు. కుమారుడు 1876లో వియన్నాలో డాక్టరు పట్టము పొంది, పిదప ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరమున ఆచార్యుడయ్యెను.

రై యనునది గోధుమను పోలిన ధాన్యము. దాని గింజలో పొట్టు క్రింద అల్యూరోన్ అను పలుచని పొర కలదు. అది పిండిని కరగించు ఎంజైమును స్రవించు గ్రంథియని ఆయన 1890లో చూపెను. 1902లో మొక్కనుండి వేరుచేసిన కణములను పోషకద్రవములో పెంచ యత్నించెను. అవి కొన్ని వారములు జీవించెను గాని విభజన చెందలేదు. ఐనను ఒక్క కణమునుండి పూర్తి మొక్కను పెంచుట సాధ్యమను విశ్వాసమును ఆయన విడువలేదు. 1910లో బెర్లిన్ చేరి, కణవిభజనను ప్రేరేపించు పదార్థములు మొక్కలలో కలవని బంగాళాదుంపపై ప్రయోగములచే నిరూపించెను. 1945 జనవరి 30వ తేదీన అచ్చటనే కన్నుమూసెను.

ఆయన వేసిన బాటలో పరులు నడచిరి. 1958లో అమెరికాలో క్యారెట్ కణములనుండి మొక్కలు పెరిగెను. 1960లో జపాను, ఆస్ట్రేలియా దేశముల శాస్త్రజ్ఞులు, అల్యూరోన్ పొరను పనికి పురికొల్పునది గిబ్బరెల్లిన్ అను హార్మోనని తెలిపిరి. 1975లో ఇంగ్లండు పరిశోధకులు మరియొక వింతను ప్రకటించిరి. పాలుపోసుకొని ముదరని గోధుమ గింజకు ఆ హార్మోను నిచ్చినను పొర పలుకలేదు. అదే గింజను ముందుగా ఆరబెట్టి, తరువాత తడిపి ఇచ్చిన పొర పలికెను! కాబట్టి ఎండుట గింజకు మరణము కాదు. పిలుపు వినగల శక్తిని సంపాదించు దశ. పిండి కూడుచున్న వేళ ఆ పిలుపు వినకుండుటయే గింజకు మేలు. అట్లు సిద్ధమైన పంటపై కోతకు ముందు వాన కురిసిన వెన్నులోనే మొలకలు వచ్చుట రైతులెరిగిన దుఃఖము.

తల్లిదండ్రులారా! నేడు మన పలుకునకు స్పందింపని బాలుని మొద్దని యెంచకుడు. ఆ గింజ ఇంకను పాలుపోసుకొనుచుండవచ్చును. విద్యార్థులారా! హాబర్‌లాంట్ తలపు ఫలించుటకు ఏబదియారేండ్లు పట్టినది. ఒక్క పరీక్షలో తప్పినంత మాత్రమున మీరు అధైర్యపడవలదు.